గిన్నె మీద పేరు

మా అమ్మ కొన్న ప్రతి స్టీలు గిన్నె మీదా పేరు కొట్టించేది. విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో పాత్రల కొట్టు ముందు చిన్న పీట మీద ఒకాయన కూర్చునేవాడు. గిన్నెను బోర్లించి మోకాళ్ల మధ్య బిగించి, సన్నటి ఉలిని అంచు కింద ఆనించి, చిన్న సుత్తితో టకటకా కొడుతూ పోతే చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలేవి. నేను ఆయన చేతి వైపే చూస్తూ నిలబడేదాన్ని. అక్షరానికి ఇంత అని తీసుకునేవాడు కాబట్టి అమ్మ ఇంటి దగ్గరే లెక్క చూసుకుని బయలుదేరేది.

అందరూ ఇంటిపేరులో మొదటి అక్షరం, యజమాని పేరు కొట్టించుకుంటారు. మా అమ్మ మాత్రం మేముండే చోటి పేరు, "సింధియా" అని కొట్టమనేది. మా నాన్న వాళ్లు అయిదుగురు అన్నదమ్ములు. బొబ్బిలి దగ్గర వాళ్ల ఊళ్లో పెళ్లికో గృహప్రవేశానికో అందరూ చేరితే గిన్నెలన్నీ ఒక్క పందిరి కింద కలిసిపోయేవి. అందరిదీ ఒకే ఇంటిపేరు కావడంతో ఎవరివి ఎవరివో తేలక చివర్లో ప్రతిసారీ చిన్న గొడవ. "సింధియా వాళ్లవి" అంటే ఇక తిరుగు లేదు. పైగా మూడే అక్షరాలు.

ఆయన ఎప్పుడు కొట్టినా "ధి"కి ఒత్తు పెట్టకుండా "సిందియా" అనే కొట్టేవాడు. నాలుగో తరగతి చదువుతున్న నేను తప్పు పట్టుకున్నానన్న ఉత్సాహంతో అమ్మకు చూపించాను. అమ్మ గిన్నెను కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంటూ, "మనం పలికేదీ అలాగే కదా" అంది. నిజమే. విశాఖపట్నంలో ఆ పేరును ఒత్తు పెట్టి పలికిన మనిషిని నేను చాలా ఏళ్ల వరకూ చూడలేదు.

టౌను నుంచి వచ్చే సిటీ బస్సు కాన్వెంట్ జంక్షన్ దాటి, పోర్టు గోడల వెంబడి సాగి, నేవీ వాళ్ల డాక్‌యార్డు పక్క నుంచి వస్తుంటే ఉప్పుగాలిలో వెల్డింగు వాసన కలిసేది. అప్పుడు కండక్టరు ఫుట్‌బోర్డు దగ్గరకు వచ్చి రేకు మీద అరచేత్తో కొడుతూ "సిందియా, సిందియా, సిందియా" అని మూడుసార్లు అరిచేవాడు. సగం బస్సు అక్కడే ఖాళీ అయ్యేది. ఒక వైపు షిప్‌యార్డు గేటు, ఇంకో వైపు కొండ ఎక్కి యారాడ వెళ్లే దారి, ముందుకు పోతే మల్కాపురం, శ్రీహరిపురం, అటుపైన గాజువాక. మేము ఉండేది గాంధీగ్రామ్‌లో. అయినా ఎవరడిగినా సింధియా అనే చెప్పేవాళ్లం. గాంధీగ్రామ్ అంటే, అదెక్కడ అని మళ్లీ అడుగుతారు. సింధియా అంటే చాలు.

ఆ పేరు ఎవరిది, ఎందుకు వచ్చింది అని అడగాలని చిన్నప్పుడు నాకు తోచలేదు. ఊరి పేరు ఊరి పేరే. చెట్టును చెట్టు అన్నట్టే. మొదటిసారి దాని గురించి చెప్పింది మా అమ్మ తండ్రి. ఆయనది ఈ నేలే. పోర్టు రాకముందు ఇక్కడ ఏముండేదో ఆయన కళ్లతో చూశాడు.

"ఇదంతా తంపర, అమ్మా. వానాకాలంలో ఏది నీరో ఏది నేలో తెలిసేది కాదు" అనేవాడు తాతయ్య. తంపర అంటే మా వైపు బురద నేల. మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట ఆటూపోటూ నీళ్లు నిలిచి, మధ్యలో మడ చెట్లు, అక్కడక్కడా ఉప్పు మడులు. ఆ బురదను తోడి లోపలికి ఓడలు వచ్చే కాలువ చేశారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ రాయపూర్ నుంచి విజయనగరం దాకా లైను వేసి, మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రం మీదకు ఎక్కించడానికి దగ్గరి రేవు కావాలని పట్టుబట్టడం వల్ల వచ్చిన పని అది. తాతయ్య కుర్రవాడుగా ఉన్నప్పుడు ఆ మట్టి పనికి కూలికి వెళ్లాడు. మట్టి తోడే ఓడ ఒకటి రాత్రింబవళ్లు గురక పెడుతున్నట్టు మోగుతూ ఉండేదట. కాలువ నోట్లోకి ఇసుక వచ్చి పడకుండా రెండు పాత ఓడలను అక్కడ కావాలనే ముంచారు. "ఓడ మునిగిపోతే ఏడుస్తారు. దొరలు ముంచి చప్పట్లు కొట్టారు" అని ఆ ముక్క ఎప్పుడు చెప్పినా ఆశ్చర్యపడుతూనే చెప్పేవాడు.

1933 అక్టోబరు 7న ఆ కాలువలోకి మొదటి ఓడ వచ్చింది. దాని పేరు జలదుర్గ. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి హార్బరును ప్రారంభించాడు. తాతయ్యకు వైస్రాయి రాక మీద పెద్దగా జ్ఞాపకాలు లేవు. జలదుర్గ మాత్రం బాగా గుర్తు. ఒడ్డున నిలబడిన జనం దాన్ని "సిందియా ఓడ" అన్నారట. బొంబాయిలో సింధియా అనే కంపెనీ ఉందని, అది మన వాళ్లదేనని, తెల్లవాళ్లది కాదని అప్పుడే విన్నానని చెప్పేవాడు. అంటే షిప్‌యార్డు రావడానికి ఎనిమిదేళ్ల ముందే ఆ మాట మా ఒడ్డుకు చేరింది.

ఆ కంపెనీ కథ నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను. తెలుసుకున్నాక ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. గ్వాలియర్‌ను ఏలిన మరాఠా రాజవంశం ఇంటిపేరు షిండే. ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి అది సింధియా అయింది. ఆ మహారాజు దగ్గర లాయల్టీ అనే ఓడ ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు అది ఆసుపత్రిగా పనిచేసింది. యుద్ధం అయ్యాక బొంబాయి వ్యాపారులు వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ, మరికొందరు కలిసి దాన్ని కొన్నారు. 1919 ఏప్రిల్ 5న అది బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 5ను దేశమంతా నౌకాయాన దినంగా జరుపుకొనేది అందుకే. ఓడ పాత యజమాని పేరే కంపెనీకి పెట్టుకున్నారు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. సముద్ర వ్యాపారమంతా బ్రిటిష్ కంపెనీల గుప్పిట్లో ఉన్న కాలం. వాళ్లు చార్జీలు తగ్గించి, ఒత్తిడి పెట్టి ఈ కంపెనీని మింగాలని చూశారు. అది నిలబడింది.

ఓడలు నడిపితే చాలదు, కట్టాలి కూడా అన్నది వాల్‌చంద్ పట్టుదల. మొదట కలకత్తాలో అనుకున్నాడు, అక్కడ కుదరలేదు. చివరికి మా తంపర ఒడ్డును ఎంచుకున్నాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ వచ్చి పునాదిరాయి వేశాడు. ఆ చోటికి గాంధీగ్రామ్ అని పేరు పెట్టారు. తెల్లదొరల రాజ్యంలో, యుద్ధం నడుస్తుండగా, ఓడలు కట్టే చోటికి గాంధీ పేరు పెట్టడం ఎంత ధైర్యమో ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు పులకరిస్తుంది. మేము ఆ పేరున్న వీధుల్లో తొక్కుడుబిళ్ల ఆడుకుంటూ ఆ ధైర్యం గురించి ఏమీ తెలియకుండా పెరిగాం.

పునాది వేసి ఏడాది తిరగకుండానే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. తాతయ్య కుటుంబం బండి కట్టుకుని చోడవరం వైపు బంధువుల ఇంటికి పోయింది. మా అమ్మ అప్పుడు చంకలో పిల్ల. షిప్‌యార్డు పని చెదిరిపోయింది. యుద్ధం ముగిశాక 1946లో గానీ మొదటి ఓడకు అడుగుదూలం పడలేదు. 1948 మార్చి 14న ఆ ఓడ, జల ఉష, నీళ్లలోకి దిగింది. నెహ్రూ వచ్చాడు. ఎనిమిది వేల టన్నుల ఓడ. గాంధీజీ పోయి అప్పటికి ఆరు వారాలే. గాంధీగ్రామ్ నుంచి స్వతంత్ర భారతం తొలి పెద్ద ఓడ కదులుతుంటే గుంపులో పెద్దవాళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారని తాతయ్య చెప్పేవాడు. ఆయన తుడుచుకున్నాడో లేదో చెప్పలేదు.

నాన్న 1956లో యార్డులో చేరాడు. ముందు హెల్పరు, తరువాత ఓడకు రేకులు బిగించే ప్లేటరు. అప్పటికే కంపెనీ పేరు మారిపోయింది. 1952 జనవరిలో ప్రభుత్వం మూడింట రెండు వంతులు తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్ లిమిటెడ్ అని పెట్టింది. 1961 నాటికి మొత్తం ప్రభుత్వానిదే అయింది. అంటే మా నాన్న ఒక్కరోజు కూడా సింధియా కంపెనీలో పనిచేయలేదు. జీతం కాగితం మీద ఏనాడూ ఆ పేరు లేదు. అయినా ఊరి నుంచి పెదనాన్న రాసే కార్డు మీద చిరునామా "సింధియా, విశాఖపట్నం" అనే ఉండేది. నాన్న బదులు రాసినప్పుడు పైన కుడి మూల తేదీ కింద రాసేదీ అదే. లోపల పనివాళ్లకు అది "యార్డు". బయట వాళ్లకు "సిందియా". గేటు మీద ఉన్న పూర్తి పేరును మా ఇంట్లో ఎవరూ నోటితో అనగా వినలేదు.

మా రోజంతా సైరన్ మీద నడిచేది. పొద్దున మొదటి కూతకు అమ్మ క్యారేజీ మూత బిగించేది. రెండో కూత లోపు నాన్న గేటు దగ్గర ఇత్తడి టోకెన్ తీసుకుని ఉండాలి. అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ల, పైన రంధ్రం, మధ్యలో నంబరు. ఏళ్ల తరబడి అదే బిళ్లను పట్టుకోవడంతో అంచులు అరిగి నునుపెక్కి ఉండేది. ఒకసారి పొరపాటున జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేశాడు. ఆ రాత్రి నేను దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. పొద్దున్నే నాన్న హడావిడిగా వెతుకుతుంటే ఏమీ ఎరగనట్టు తీసి ఇచ్చాను. రిటైరైన రోజున దాన్ని తిరిగి ఇచ్చేసి వచ్చి, సాయంత్రం వరకూ ఖాళీ చేతిని రుద్దుకుంటూ కూర్చున్నాడు.

నాన్న ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడేవాడు. పక్కింటివాళ్లు మొదట్లో ఈయనకు కోపం ఎక్కువ అనుకున్నారట. రోజంతా ఇనుము మీద ఇనుము పడే చోట పనిచేసే మనుషుల గొంతులు అలాగే ఉంటాయని మా వీధిలో అందరికీ త్వరలోనే తెలిసింది, ఎందుకంటే అన్ని ఇళ్లలోనూ అవే గొంతులు. మాకు ఒక పక్క మలయాళీ కుటుంబం, ఎదురుగా బెంగాలీలు, చివరి క్వార్టర్‌లో ఒరియా వాళ్లు. దసరాల్లో బెంగాలీల పందిట్లో ప్రసాదానికి మేమే ముందు వరుసలో ఉండేవాళ్లం. కవళ్ల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే మత్స్యకార స్త్రీ అన్ని భాషల్లోనూ బేరం చేసేది. ఆ వీధిలో అందరికీ సొంత ఊరు వేరే ఎక్కడో ఉంది. సింధియా అన్న పేరు మాత్రం అందరికీ ఉమ్మడి.

నాకు పదేళ్లప్పుడు నాన్న ఒక ఓడ జలప్రవేశానికి మమ్మల్ని తీసుకెళ్లాడు. అంతకు ముందు ఓడలను దూరం నుంచి చూశాను గానీ, నీళ్లు లేకుండా నేల మీద నిలబడిన ఓడ కింద నిలబడడం అదే మొదలు. తల పూర్తిగా వెనక్కి వంచితే గానీ అంచు కనబడదు. కొత్త రంగు వాసన, గ్రీజు వాసన. నాన్న నా భుజం పట్టుకుని ఒక చోట చూపించి "అదిగో, ఆ రేకు నేను బిగించిందే" అన్నాడు. నాకు అన్ని రేకులూ ఒకేలా కనబడ్డాయి. ఆయనకు మాత్రం వేలాది రేకుల్లో అది ఏదో తెలుసు. కొబ్బరికాయ కొట్టారు. కింద ఆపులుగా పెట్టిన కర్ర దిమ్మలను ఒక్కొక్కటిగా కొట్టి తీసేస్తుంటే ఆ దెబ్బలు నా పళ్లలో మోగాయి. తరువాత ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. ఓడ కదలలేదు. ఎవరో "జై" అన్నారు. అప్పుడు మెల్లగా, ఇల్లు నడుస్తున్నట్టు, అది వెనక్కి జారడం మొదలుపెట్టింది. జారేకొద్దీ వేగం పెరిగింది. గొలుసులు లాగుకుంటూ పోతుంటే ఎర్రటి తుప్పు దుమ్ము మేఘంలా లేచింది. నీళ్లు తగిలిన చప్పుడు అప్పుడు వినబడింది. చూస్తే ఓడ తేలుతోంది. ఇటు తిరిగి నాన్న మొహం చూశాను. కూతురిని అత్తవారింటికి పంపిన మనిషిలా ఉన్నాడు. ఆ మాట ఆ రోజు నాకు తోచలేదు, నా పెళ్లిరోజున ఆయన మొహం చూసినప్పుడు తోచింది.

1971 డిసెంబరు కూడా మరచిపోలేనిది. యుద్ధమని కిటికీలకు నల్ల కాగితం అంటించారు. వీధి దీపాలు లేవు. 3వ తేదీ అర్ధరాత్రి సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చి తలుపులు అదిరాయి, అటక మీది గిన్నెలు గలగలమన్నాయి. అమ్మ నన్ను దగ్గరకు లాక్కుంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మా తీరంలో మునిగిపోయిందని తరువాత రోజుల్లో తెలిసింది. దేశం చరిత్రగా చదువుకునే ఆ రాత్రి నాకు మాత్రం అటక మీద సిందియా గిన్నెలు మోగిన రాత్రి.

మా చుట్టూ ఉన్న పేర్లన్నీ ఇలాంటివేనని తరువాత గమనించాను. పక్కనే మల్కాపురంలో నూనెశుద్ధి కర్మాగారం 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైంది. 1976లో ప్రభుత్వం తీసుకుంది, 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిపింది. మా తరం వాళ్లకు అది ఇప్పటికీ కాల్టెక్సే. రాత్రిపూట దాని గొట్టం మీద మండే మంట మా మేడ మీదకు కనబడేది. ఆ వెలుగులో మేము అంత్యాక్షరి ఆడేవాళ్లం. ఇంకొంచెం ముందుకు వెళితే 1967 నుంచి ఎరువులు తయారుచేసే కోరమాండల్ గేటు. 1977లో వచ్చిన జింకు కర్మాగారం 2012లో మూతపడింది. స్టాపు పేరు మాత్రం జింక్ గేటే. నౌకాదళం ఆయుధ డిపో పేరులోని మూడు ఇంగ్లీషు అక్షరాలు ఎన్ఏడీ కొత్తరోడ్డు అయి కూర్చున్నాయి. అక్కడ దిగే పిల్లలను ఎన్ఏడీ అంటే ఏమిటని అడిగితే వింతగా చూస్తారు. భారీ పరికరాలు తయారుచేసే బీహెచ్‌పీవీ 1966లో పుట్టి, తరువాత బీహెచ్‌ఈఎల్‌లో కలిసిపోయింది. ఆ చోటు మాత్రం బీహెచ్‌పీవీగానే మిగిలింది.

వీటన్నిటిలో ఉక్కు కర్మాగారం కాలనీ ఉక్కునగరం ఒక్కటే తెలుగులో పెట్టిన పేరు. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అంటూ 1966లో జరిగిన పోరాటంలో ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, జాతికి అంకితం కావడానికి 1992 దాకా పట్టింది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. అదే సమయంలో దాని కింద ఖాళీ అయిపోయిన పల్లెల పేర్లు గుర్తొచ్చి బాధగానూ ఉంటుంది. మా దగ్గరా అంతే. సింధియా అన్న ఒక్క పేరు నిలబడడానికి తాతయ్య నాటి తంపర దిబ్బలు, రేవులు, ఉప్పు మడుల పేర్లు ఎన్ని పోయాయో. ఆయన ఒక్కో దిబ్బనూ పేరు పెట్టి పిలిచేవాడు. నేను రాసి పెట్టుకోలేదు. ఆ తప్పు నాది, ఈ వయసులో దిద్దుకోలేనిది.

కొన్ని తేదీలు మా వైపు వాళ్లకు చెప్పుకోవడానికే ఇష్టముండదు. 1997 సెప్టెంబరు 14 ఆదివారం తెల్లవారుజామున నూనెశుద్ధి కర్మాగారంలో మంటలు లేచి, ఆకాశం ఎర్రబడి, జనం కట్టుబట్టలతో పిల్లలను ఎత్తుకుని పరుగెత్తిన రోజు అందులో ఒకటి. మా వీధి నుంచీ వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు, తిరిగి రాని స్నేహితులు ఉన్నారు. అంతకన్నా రాయలేను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి మా చిన్నప్పటి చెట్లను ఒక్క పూటలో పడగొట్టింది. కొండ మీద పచ్చదనం మాడిపోయి, మొదటిసారి యారాడ కొండ ఎముకలు బయటపడినట్టు కనబడింది. అప్పటికి నాన్న లేడు.

నేను బ్యాంకు ఉద్యోగంలో చేరి, 1991లో శిక్షణకు బొంబాయి వెళ్లాను. ఒక సాయంత్రం బలార్డ్ ఎస్టేట్‌లో నడుస్తుంటే ఒక పాత రాతి భవనం మీద పేరు కనబడింది. సింధియా హౌస్. కాళ్లు ఆగిపోయాయి. చుట్టూ తెలిసిన మనిషి లేడు, తెలిసిన భాష లేదు. ఆ పేరు చూడగానే మాత్రం దిగాల్సిన స్టాపు వచ్చినట్టు చెయ్యి దానంతట అదే సంచిని సర్దుకుంది. రేకు మీద అరచెయ్యి పడిన చప్పుడు వినబడినట్టే అనిపించింది. అక్కడి కాపలా మనిషిని వచ్చీరాని హిందీలో అడిగితే, ఓడల కంపెనీ ఆఫీసు అని చెప్పాడు. తాతయ్య చెప్పిన జలదుర్గ అప్పుడు గుర్తుకొచ్చింది. ఈ కథంతా వెతికి చదవడం ఆ సాయంత్రంతోనే మొదలైంది.

సహోద్యోగిని కెమెరాతో ఆ భవనానికి ఒక ఫొటో తీయించి, ఇంటికి వెళ్లినప్పుడు నాన్నకు ఇచ్చాను. నాన్నకు ఇంగ్లీషు చదవడం రాదు. గేటు మీద, టోకెన్ల మీద చూసి చూసి కొన్ని అక్షరాలను బొమ్మల్లా గుర్తుపడతాడు, అంతే. నేను చదివి చెప్పాను. కళ్లజోడు పెట్టుకుని, ఫొటోను కిటికీ వెలుగులోకి వంచి, ఆ అక్షరాల మీద వేలు జరుపుకుంటూ వెళ్లాడు. గ్వాలియర్ రాజు, లాయల్టీ ఓడ, వాల్‌చంద్, అన్నీ చెప్పాను. చివరి దాకా విని, "అయితే మన పేరు రాజుల నుంచి వచ్చిందన్నమాట" అన్నాడు. "మన పేరు" అన్నాడు. తరువాత కొంచెం ఆగి, "రాజు ఎప్పుడైనా వచ్చి చూశాడా?" అని అడిగాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను. ఫొటోను ట్రంకు పెట్టెలో రిటైర్‌మెంటు కాగితాలతో పాటు పెట్టమన్నాడు.

యార్డు 2010లో రక్షణ శాఖ కిందకు వెళ్లింది. ఇప్పుడు నేవీకి పెద్ద ఓడలు కడుతోంది. ఆ వార్త పేపర్లో చూసినప్పుడల్లా కత్తిరించి దాచుకుంటాను. బొంబాయి కంపెనీ చరిత్రలో కలిసిపోయింది. ఓడ లేదు, కంపెనీ లేదు. బస్సుల మీద బోర్డు ఉంది. కిందటేడాది ఆ దారిన వెళ్లాను. కండక్టరు అమ్మాయి, చేతిలో టికెట్ మిషను. సింధియాకు ఒకటి అన్నాను, కావాలని ఒత్తు పెట్టి. "సిందియానా?" అని అడిగి టికెట్ ఇచ్చింది. మా పాత క్వార్టర్ గోడకు కొత్త సున్నం వేశారు. నాన్న నాటిన వేపచెట్టు హుద్‌హుద్‌కు పోయింది గానీ, మొదలు నుంచి మళ్లీ కొమ్మలు వేసింది. అక్కడ కొంచెంసేపు నిలబడి వచ్చేశాను.

మా అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. అద్దె ఇల్లు తీసుకున్నప్పుడు వంటింటికి కావలసినవి సర్దుతూ, అమ్మమ్మ గిన్నెలు రెండు తనే అడిగి పట్టుకెళ్లింది. కొత్తవి కొనిస్తానన్నా వినలేదు. మొన్న రాత్రి ఫోను చేసింది. అదే ఇంట్లో ఉంటున్న కన్నడ అమ్మాయి గిన్నె తోముతూ, అంచు కింద చుక్కల అక్షరాలు చూసి, ఏదో కొంచెం కన్నడలాగే ఉంటే కూడబలుక్కుని చదివిందట. సిందియా అంటే ఎవరు, మీ అమ్మమ్మ పేరా అని అడిగిందట.

"మరి నువ్వేమన్నావు?" అన్నాను.

"మనిషి పేరు కాదు, మా అమ్మమ్మగారి ఊరు అని చెప్పాను" అంది.